భుజం వెడల్పు

"నువ్వు హాలు దాటి బయటికొచ్చేటప్పటికి కోచ్ బతికే ఉన్నాడని ఎలా చెబుతావ్?"

"వెనకనుంచి అరుస్తున్నాడు సార్. ఆగరా, నా మాట పూర్తిగా విను అని."

"ఆ అరుపు ఎవరైనా విన్నారా?"

టెవిన్ బ్రాడ్‌నాక్స్ తల వంచుకున్నాడు. మూడొందల పౌన్లకు పది తక్కువుండే మనిషి, అక్క వంటింట్లో చిన్న కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. ముందున్న పళ్ళెంలో మొక్కజొన్న జావ మీద వెన్న గడ్డకట్టుకుపోయింది.

"ఎవరూ వినలేదు," అన్నాడు ఓడెల్ ప్రుయిట్ తనే. "కానీ నువ్వు అరిచింది మాత్రం గడ్డి చూసుకునే మనిషి ఇటుకగోడ అవతల నుంచి విన్నాడు. ఏమన్నావ్?"

"కోపంలో అన్నాను సార్."

"ఏమన్నావో చెప్పు. పోలీసు రిపోర్టులో ఉంది. నీ నోటితో వినాలి."

"నిన్ను ఇక్కడే పాతిపెట్టేవాణ్ణి, నీ వయసు చూసి వదిలేస్తున్నా, అన్నాను."

పొయ్యి దగ్గర నిలబడ్డ వెర్లీన్ గరిటె సింకులో పడేసింది. "అంత మాట ఎందుకన్నావురా? నిన్ను నేను ఇలాగేనా పెంచింది?"

"అక్కా, నువ్వాగు."

"ఆగను. అలబామా నుంచి నీ వెనకాలే వచ్చింది ఆగడానికి కాదు."

ఓడెల్ జేబులోంచి నోటుబుక్కు తీశాడు. యాభై మూడేళ్ళ మనిషి. హైస్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ లైన్‌లో గార్డ్‌గా ఆడి రెండు మోకాళ్ళు పోగొట్టుకుని, ఆ తర్వాత టొలీడో పోలీసుల్లో పై అధికారితో తగువు పెట్టుకుని ఉద్యోగం పోగొట్టుకుని, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌గా, జనం ఇచ్చిన ఫీజుకి జనం గొడవలు మోస్తున్నాడు. అతని ముందున్న లెక్క సులువుగానే ఉంది. స్టోకర్స్ టీమ్ డిఫెన్స్ లైన్ కోచ్ ఆర్లిస్ హచెన్స్ నిన్న పొద్దున ప్రాక్టీసు హాల్లో తల పగిలి చచ్చాడు. పగలగొట్టిన ఇనప పలక మీద టెవిన్ వేలిముద్రలున్నాయి. రోజూ కుర్రాళ్ళు తోసే బండి మీద బరువుకోసం పెట్టే పలక అది. దానిమీద టెవిన్ వేలిముద్రలు లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. కానీ ఆ సంగతి పట్టించుకునే ఓపిక పోలీసులకు లేదు. సాయంత్రం నాలుగింటికి వారెంటుతో వస్తామని టెవిన్ లాయరుకి కబురు చేశారు. లాయరు ఇంకా విమానంలో ఉన్నాడు. అతని ఒప్పందాలు బేరమాడే ఏజెంటయితే నిన్నటి నుంచీ ఫోన్ ఎత్తడం లేదు.

"మొదట్నుంచీ చెప్పు," అన్నాడు ఓడెల్. "కోచ్ నిన్నెందుకు రమ్మన్నాడు?"

"శుక్రవారం హియరింగ్ కదా సార్. నేను ఎండ్‌నా, టాకిల్‌నా అని తేల్చేది."

ఆ రెండు మాటల మధ్య ఉన్న డబ్బు ఓడెల్‌కి కొత్తగా చెప్పక్కర్లేదు. లైన్ చివర నిలబడి, ఎదుటి లైన్‌ని చుట్టుకుని పరుగెత్తి, బంతి విసిరేవాణ్ణి పడగొట్టేవాడు ఎండ్. వాడి ఫొటో పేపర్లో పడుతుంది, వాడి చొక్కా పిల్లలు కొంటారు, వాడికి ఏడాదికి రెండు కోట్ల డాలర్లు. లోపల నిలబడి, ఇద్దరు ముగ్గురి బరువు ఒంటి మీద వేసుకుని, బయటివాడికి దారి చేసిపెట్టేవాడు టాకిల్. వాడికి నడుము నొప్పి, మెడ నొప్పి, అందులో సగం డబ్బు. పనిచేసేవాడికి సగం, కనిపించేవాడికి మొత్తం. ఏ కంపెనీలో చూసినా ఇదే, ఇక్కడ మాత్రం మడత లేకుండా చెక్కు మీద రాస్తారు.

టెవిన్ ఆ రెంటికీ మధ్యలో ఇరుక్కున్నాడు. క్లబ్బు టాకిల్ ధర రాసి కాయితం పంపింది. టెవిన్ ఒప్పుకోకుండా లీగ్‌లో ఫిర్యాదు పెట్టాడు. ఏడాదంతా ఎక్కువసార్లు ఎక్కడ నిలబడ్డాడో దాన్నిబట్టి మధ్యవర్తి తీర్పు చెబుతాడు.

"వీడియోలున్నాయి కదా. లెక్కపెట్టుకుంటే పోదూ?" అంది వెర్లీన్.

"లెక్కపెడితే లోపలే ఎక్కువ వస్తాయక్కా. అదే కదా మోసం." టెవిన్ పళ్ళేన్ని పక్కకి నెట్టాడు. "సార్, అక్టోబరు దాకా నేను ఎదుటి లైన్‌లో చివరివాడి బయటి భుజానికి ఎదురుగా నిలబడేవాణ్ణి. అది ఎండ్ చోటు. అక్టోబరులో కోచ్ నన్ను లోపలి భుజానికి జరగమన్నాడు. టీమ్‌కి అవసరం బాబూ, నాలుగు ఆటలు సర్దుకో, అన్నాడు. నాలుగు ఆటలు కాస్తా సీజనంతా అయ్యాయి. బయటి భుజం నుంచి లోపలి భుజానికి. ఇంతే." రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించాడు. అతని భుజం వెడల్పంత.

"నిన్న ఏం చెప్పాడు?"

"చెత్తడబ్బాలు వరస పెట్టి..."

"ఆగాగు. చెత్తడబ్బాలేంటి?" అంది వెర్లీన్.

"ఎదుటి లైన్‌కి బదులు పెడతారు," అన్నాడు ఓడెల్. "ఐదుగురు మనుషులకి ఐదు డబ్బాలు. లోపల ఇసక సంచి వేస్తారు, పడిపోకుండా. మేం ఆడే రోజుల్లోనూ అంతే. చెప్పు బాబూ."

"చివరి డబ్బా బయటి పక్కన నన్ను వంగి నేలకి చెయ్యి ఆనించమన్నాడు సార్. లే అన్నాడు, మళ్ళీ వంగమన్నాడు. పదిసార్లో పదిహేనుసార్లో చేయించాడు. ఇక్కడే కదూ నువ్వు నిలబడింది, అంటాడు. అవును కోచ్, అంటాను. ముసలాడికి మతి పోతోందనుకున్నా. అప్పుడు ఏడ్చాడు. నిన్ను లోపలికి జరపమన్నది ఆటకోసం కాదు, పైనుంచి వీలన్ చెప్పించాడు, సీజను చివర లెక్కలో నువ్వు టాకిల్‌గా తేలాలని. నేను నోరెత్తకుండా చెప్పినట్టు చేశాను. శుక్రవారం మధ్యవర్తి ముందు అంతా చెప్పేస్తాను, అన్నాడు."

కార్టర్ వీలన్ స్టోకర్స్‌లో ఆటగాళ్ళ ఒప్పందాలు రాసేవాడు. జీవితంలో ఒక్కసారి కూడా బంతి పట్టుకోని మనిషి.

"అంటే కోచ్ నీ తరఫున సాక్ష్యం చెప్పబోతున్నాడు. నువ్వేమో అతన్ని పాతిపెడతానన్నావు."

"నాకప్పుడు ఏడాదంతా కళ్ళముందు తిరిగింది సార్." టెవిన్ ఎడమ చెయ్యి బల్లమీద పెట్టాడు. చిటికెన వేలూ దాని పక్క వేలూ మిగతావాటితో కలిసి ముడుచుకోలేదు. "లోపలికి జరిగాక మొదటి నెలలోనే మెడలో నరం నొక్కుకుపోయింది. ఈ రెండు వేళ్ళకీ స్పర్శ లేదు. డాక్టరుకి చెబితే ఆ ధర కూడా రాదని చెప్పలేదు. నాకు మిగిలింది ఒక్క ఒప్పందం. అది కూడా ఆయన లాగేశాడనిపించింది."

వెర్లీన్ వచ్చి ఆ రెండు వేళ్ళూ పట్టుకుని గట్టిగా నొక్కింది. అతను కదలలేదు. ఆమె ఇంకా గట్టిగా నొక్కింది.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే ఇంటికి వచ్చెయ్యమంటావని."

ఓడెల్ లేచాడు. "పోలీసులకి ఇదంతా చెప్పావా?"

"చెప్పాను. నవ్వారు సార్. బాగా దొరికాడయ్యా సాక్షి, లేచి వచ్చి చెబుతాడా, అన్నారు."

"లాయరొచ్చేదాకా మళ్ళీ ఎవరికీ చెప్పకు. పోలీసులొస్తే నోరు విప్పకు." గుమ్మం దగ్గర వెర్లీన్ అతని చెయ్యి పట్టుకుంది.

"ప్రుయిట్ గారూ, నిజం చెప్పండి. వీడు బయటపడతాడా?"

"హాలు చూడనివ్వండమ్మా," అన్నాడు. అంతకన్నా చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు.

*

ప్రాక్టీసు హాలు గుమ్మంలో గ్రెగ్ నోవోత్నీ కాఫీ తాగుతూ కాచుకుని ఉన్నాడు. ఒకప్పుడు ఓడెల్‌తో ఒకే కార్లో పదకొండేళ్ళు గస్తీ తిరిగినవాడు. ఓడెల్ ఉద్యోగం పోయిన రోజున పై అధికారి పక్కన నిలబడినవాడు కూడా అతనే. ఇప్పుడు స్టోకర్స్ క్లబ్బు సెక్యూరిటీకి పెద్ద.

"ఏంట్రా ఓడెల్, మోకాళ్ళు ఇంకా ఉన్నాయా, పీకించేశావా?"

"ఉన్నాయిలే. నీ వెన్నెముక జాడ ఏమైనా తెలిసిందా?"

నోవోత్నీ నవ్వాడు. "లాయరు విమానం ఎక్కేముందు అడిగాడు కాబట్టి, పోలీసులు ఒప్పుకున్నారు కాబట్టి రానిస్తున్నా. ఏదీ ముట్టుకోకు. పది నిమిషాలు చూసుకుని పో."

"శవాన్ని ఎవరు చూశారు మొదట?"

"నేనే. తొమ్మిదింటికి."

"నువ్వు ఒక్కడివే?"

"రిపోర్టులో ఉంది, చదువుకో."

లోపల ప్లాస్టిక్ గడ్డి. దాని మొదళ్ళ మధ్య నల్లటి రబ్బరు పొడి, ఆవాలంత గింజలు. హాలు మధ్యలో ఐదు బూడిదరంగు చెత్తడబ్బాలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటికి కాస్త ఇవతల నేలమీద మరక, దాని చుట్టూ పోలీసులు గీసిన తెల్లగీత. ఇనప పలకని వాళ్ళు తీసుకుపోయారు.

ఓడెల్ మరకని చూడలేదు. డబ్బాల్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏం, చెత్త వెయ్యాలా?" అన్నాడు నోవోత్నీ.

"ఈ డబ్బాల్ని పోలీసులు జరిపారా?"

"లేదు. వాళ్ళొచ్చేటప్పటికి ఎలా ఉన్నాయో అలాగే ఫొటోలు తీశారు. అప్పట్నుంచీ హాలుకి తాళం."

ఓడెల్ వరస వెంట నడిచాడు. మొదటి డబ్బాకీ రెండోదానికీ మధ్య జానెడు ఎడం. రెండో మూడోవాటి మధ్యా అంతే. మూడో నాలుగోవాటి మధ్యా అంతే. నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య మాత్రం ఒక మనిషి పక్కకి తిరగకుండా నడిచిపోవచ్చు. హైస్కూల్లో ఇంత సందు వదిలిన కుర్రాణ్ణి వాళ్ళ కోచ్ హెల్మెట్ మీద కొట్టి మరీ దగ్గరికి జరిపేవాడు. నలభై ఏళ్ళు లైన్ నేర్పిన ఆర్లిస్ హచెన్స్ నిద్రలో కూడా ఇలా పెట్టడు.

మోకాళ్ళు అరుస్తున్నా అతను నేలమీదికి దిగాడు. చేతులతో, మోకాళ్ళతో పాకుతూ ఐదో డబ్బా దగ్గరికి వెళ్ళాడు.

"ఒరేయ్, ముట్టుకోవద్దన్నానా!"

"ముట్టుకోవట్లేదు. వాసన చూస్తున్నా."

డబ్బా లోపలి పక్కన, ఆ వెడల్పు సందులో, రబ్బరు పొడి లేచిపోయి చిన్న గుంటలు రెండు. ఒకటి పిడికిలి ఆనించింది, ఇంకొకటి వెనక బూటు కొన తవ్వింది. ఒకే మనిషి ఒకే చోట వంగి, లేచి, వంగి, లేచి చేసిన గుంటలు. టెవిన్ అక్కడ వంగాడనడంలో అబద్ధం లేదు.

ఆ గుంటలకి ఇంకొంచెం లోపలగా, నాలుగో డబ్బాకి జానెడు దూరంలో, ఓడెల్ అరచెయ్యి నేలకి ఆనకుండా గడ్డి మీదుగా పోనిచ్చాడు. ఒకచోట ఆగాడు. గడ్డి అణిగి ఉంది. తల వంచి వెలుగుకి ఎదురుగా చూశాడు. గుండ్రటి అంచు. ఇసక సంచి బరువుతో ఒక డబ్బా చాలాసేపు నిలబడి ఉన్న గుర్తు. ఆ గుర్తు నుంచి గుంటల పక్కగా ఐదో డబ్బా దాకా గడ్డి ఒకే వైపు దువ్వినట్టు పడుకుని ఉంది. ఎవరో లాగి, తర్వాత కాలితో సర్దారు.

టెవిన్ తన చోటు నుంచి కదల్లేదు. ఎదురుగా ఉండే మనిషే కదిలాడు. గుర్తు ఉన్నచోట డబ్బా ఉన్నప్పుడు టెవిన్ దాని బయటి భుజం దగ్గర నిలబడ్డాడు. డబ్బాని బయటికి లాగాక అవే గుంటలు దాని లోపలి భుజం దగ్గరికి వచ్చాయి.

ఓడెల్ లేవడానికి నాలుగో డబ్బా ఆసరా తీసుకోబోయి, మానేసి, నేలని పట్టుకుని లేచాడు.

"గ్రెగ్, ఒక మాట చెప్పు. నిన్న కుర్రాడు ఎక్కడ నిలబడ్డాడు?"

"అదుగో, చివరి డబ్బా లోపలి భుజం మీద. టాకిల్ కదా." ఆలోచించకుండా, అప్పజెప్పినట్టు చెప్పాడు.

"ఎవరు నేర్పారు నీకు?"

"ఏంటి నేర్పేది?"

"పదకొండేళ్ళు నా పక్కన కూర్చున్నావు. ఆదివారం ఆట పెడితే బీరు కోసం వచ్చేవాడివి. బంతి ఏ వైపు పోతోందో అడిగేవాడివి. ఈరోజు లోపలి భుజం అంటున్నావు. మా కోచ్‌కి ఆ మాట నాకు నేర్పడానికి రెండేళ్ళు పట్టింది."

నోవోత్నీ మొహం కందింది. "పది నిమిషాలు అయిపోయాయి. పద."

"ఎవరు నేర్పార్రా?"

"పదమన్నానా!" నోవోత్నీ అతని చొక్కా పట్టుకుని తలుపు వైపు తోశాడు. ఓడెల్ మోకాలు మడతపడి గోడకి తగిలాడు, కానీ అతని చెయ్యి నోవోత్నీ టైని వదల్లేదు. ఇద్దరు ముసలాళ్ళు, ఆడవాళ్ళు చూస్తే నవ్విపోతారు, గోడ పక్కన రొప్పుతూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు.

"నీ పెన్షన్ నువ్వు పోగొట్టుకున్నావు," అన్నాడు నోవోత్నీ పళ్ళ మధ్య నుంచి. "నాది వదిలెయ్. మా ఆవిడకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఈ ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ పోతుంది. అర్థమవుతోందా?"

"అవుతోంది. ఆ డబ్బాని జరిపింది నువ్వేనా?"

"డబ్బా ఏంటి? ఏ డబ్బా?"

ఆ ప్రశ్నలో నటన లేదు. ఓడెల్ టై వదిలేశాడు. అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గడ్డిలో గుండ్రటి గుర్తు చూపించాడు, దువ్విన గడ్డి చూపించాడు, గుంటలు చూపించాడు. ఆట తెలియకపోయినా పోలీసు కళ్ళు పోలీసు కళ్ళే. నోవోత్నీ మొదటిసారి చూసి తల తిప్పుకున్నాడు. రెండోసారి వంగి చూశాడు.

"పోలీసులు ఫొటోలు తీసేటప్పటికే జరిగి ఉంది," అన్నాడు ఓడెల్. "ఆ ఫొటోలు శుక్రవారం మధ్యవర్తి బల్లమీద ఉంటాయి. కోచ్ చచ్చేముందు తన చేతుల్తో పెట్టిన వరస ఇదీ, కుర్రాడు నిలబడ్డ చోటు ఇదీ, అంటారు. కోచ్ వచ్చి కాదని చెప్పలేడు కదా. గ్రెగ్, నువ్వూ నేనూ చాలా శవాలు చూశాం. శవం పక్కన నిలబడ్డవాడు పారిపోతాడు, వాంతి చేసుకుంటాడు, జేబులు వెతుకుతాడు. శవం రక్తం ఆరకముందే ఎదుటివాడి జీతం తగ్గించడానికి డబ్బా జరిపినవాణ్ణి ఎప్పుడైనా చూశావా?"

నోవోత్నీ కాఫీ కప్పు ఎక్కడ పెట్టాడో వెతుక్కున్నాడు. అది గుమ్మం దగ్గర ఒలికిపోయి ఉంది.

"నాకు ఫోన్ వచ్చింది," అన్నాడు చివరికి. "వీలన్ చేశాడు. హాల్లోకి రా, కోచ్ పడిపోయాడు, అన్నాడు. నేనొచ్చేటప్పటికి ఆయన ఇక్కడే ఉన్నాడు. మొదట చూసింది నువ్వే అని రాయించు గ్రెగ్, పై మెట్టు మనుషుల పేర్లు ఇందులోకి రావడం క్లబ్బుకి మంచిది కాదు, అన్నాడు. అదేం పెద్ద విషయం, అనుకున్నా."

"లోపలి భుజం కూడా ఆయనే చెప్పాడా?"

"పోలీసులకి ఫోన్ చేసే ముందు. ఇటు చూడు, వాడు ఇక్కడ నిలబడ్డాడు, దీన్ని లోపలి భుజం అంటారు, అడిగితే ఇలాగే చెప్పు, అన్నాడు."

"శవం పక్కన నిలబెట్టి నీకు ఆట నేర్పాడు."

నోవోత్నీ నలిగిన టై సర్దుకున్నాడు.

"ఆ తలుపు మీది కెమెరా సంగతేంటి?"

"అది నెల్లాళ్ళుగా పనిచెయ్యట్లేదు."

"ఎవరన్నారు?"

నోవోత్నీ జవాబు చెప్పడానికి నోరు తెరిచి తలుపు పైకి చూశాడు. కెమెరా కింద మిరియపు గింజంత ఎర్రదీపం నిదానంగా వెలుగుతూ ఉంది. అతను దాన్ని చూస్తూ, నెల్లాళ్ళుగా రోజుకి ఆరుసార్లు దాని కిందనుంచే నడిచిన మనిషి, చేత్తో నోరు తుడుచుకున్నాడు.

"రికార్డింగ్ పెట్టెని వీలన్ తన గదిలోకి మార్పించాడు," అన్నాడు. "బాగుచేయిస్తానని."

*

ఓడెల్ హాల్లోంచే వెర్లీన్‌కి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నాడమ్మా మీవాడు?"

"దేవుడు చల్లగా చూశాడు ప్రుయిట్ గారూ!" ఆమె గొంతులో పొద్దుటి బరువు లేదు. "వీలన్ గారే ఇంటికొచ్చారు. ఆయన దగ్గర వీడియో ఉందట. మావాడు హాల్లోంచి బయటికి వస్తాడు, వాడి వెనకాలే కోచ్ తలుపు దాకా వచ్చి చెయ్యి ఊపుతాడు. ఫోన్లో నాకు కూడా చూపించారు. బతికే ఉన్నాడు! అది పోలీసులకి ఇస్తే వారెంటు లేదు, ఏమీ లేదు."

"ఊరికే ఇస్తానన్నాడా?"

ఆమె కాస్త తగ్గింది. "ఫిర్యాదు వెనక్కి తీసుకుని టాకిల్‌గా సంతకం పెట్టమన్నారు. నాలుగేళ్ళకి. వాడు ఇక్కడే, నా బల్ల మీదే పెట్టేశాడు. పోతే పోయిందిలెండి, కోటి కూడా డబ్బేగా. ప్రాణం కంటేనా?"

"ఇప్పుడెక్కడున్నారు ఇద్దరూ?"

"స్టేషన్‌కి వెళ్ళారు, ఆయన కార్లో."

ఓడెల్ ఇంకేమీ అడక్కుండా టెవిన్‌కి చేశాడు. నాలుగు రింగుల తర్వాత ఎత్తాడు.

"పక్కన ఆయనున్నాడా?"

"లేడు సార్. బయట పెట్రోలు కొట్టుకుంటున్నాడు. నేను కార్లో ఉన్నా."

"ఎక్కడ?"

"నది దాటేశాం సార్. సరస్సు గట్టు మీద ఆయన ఇల్లుందట. అసలు రికార్డింగ్ అక్కడ ఉందట, అది తీసుకుని స్టేషన్‌కి పోదామన్నాడు."

స్టేషన్ నదికి ఇవతల ఉంది. క్లబ్బులో ఉండాల్సిన రికార్డింగ్ సరస్సు గట్టు మీది ఇంట్లో ఎందుకుంటుందో అడగాల్సిన పని కూడా లేదు.

"బాబూ, నా మాట విను. తలుపు తీసి దిగు. పెట్రోలు బంకులో నలుగురూ ఉంటారు, వాళ్ళ మధ్యలోకి వెళ్ళి నిలబడు. నేను వస్తున్నా."

"వద్దు సార్."

"టెవిన్, కోచ్‌ని చంపింది వాడే."

ఫోన్లో పెట్రోలు పంపు చప్పుడు వినపడుతోంది. టెవిన్ ఊపిరి వినపడుతోంది.

"తెలుసు సార్," అన్నాడు.

ఓడెల్ గోడకి ఆనుకున్నాడు.

"వీడియో ఆయన ఆపేశాడు సార్, కోచ్ చెయ్యి ఊపిన తర్వాత. కానీ ఆపబోయి వేలు జారింది. ఒక్క క్షణం ఎక్కువ నడిచింది. గోడ పక్కనుంచి ఒక బూటు లోపలికి వచ్చింది. గోధుమరంగు, కొనమీద చిల్లుల పువ్వు. అదే బూటు సార్, ఈరోజు కూడా వేసుకున్నాడు. అక్క చూళ్ళేదు. నేను చూశాను. చూసే సంతకం పెట్టాను."

"పిచ్చివాడా, ఎందుకెక్కావ్ ఆ కారు?"

"సంతకం పెట్టి ఎక్కకపోతే ఆ ముక్క కూడా చెరిపేస్తాడు. అది తప్ప ఈ లోకంలో నా తరఫున ఇంకేమీ లేదు సార్. మీరు హాల్లో ఏం చూసొచ్చినా వాళ్ళు నవ్వుతారు. నాకు తెలుసు. పొద్దున నవ్వారు కదా. ఆ పెట్టె ఎక్కడుందో ఆయన చూపిస్తే చాలు. ఆయన నూట యాభై పౌన్లు కూడా ఉండడు."

"నువ్వు వాడి మీద చెయ్యి వేస్తే వాళ్ళు నీ గురించి చెప్పిందంతా నిజమైపోతుంది. వినపడుతోందా? నువ్వు వాణ్ణి కొట్టావో, సాక్షిని చంపడానికి వెళ్ళాడంటారు. వాడు నిన్ను కాల్చాడో, ప్రాణరక్షణ అంటారు. ఏది జరిగినా వాడికే లాభం. అందుకే నిన్ను ఎక్కించుకున్నాడు. దిగరా, నీకు దణ్ణం పెడతాను, దిగు!"

"నన్ను ఏడాదంతా ఒక భుజం లోపలికి జరిపారు సార్, నాకు తెలియకుండా. ఈసారి తెలిసే వెళ్తున్నా. వస్తున్నాడు. అక్కకి చెప్పకండి."

ఫోన్ ఆగిపోయింది. ఓడెల్ మళ్ళీ చేశాడు. స్విచాఫ్.

నోవోత్నీ అప్పటికే జేబులోంచి కారు తాళాలు తీశాడు. అతని మొహం సున్నం కొట్టినట్టుంది. వాళ్ళావిడ సంగతి గుర్తొచ్చిందో, పదకొండేళ్ళ గస్తీ గుర్తొచ్చిందో, మనిషి మాత్రం తలుపు వైపు పరుగులాంటిది మొదలుపెట్టాడు.

"ఆ ఇల్లు నాకు తెలుసు. ఇరవై నిమిషాలు," అన్నాడు. "ఓడెల్, నువ్వు ఫోన్లో కాల్చడం గురించి ఏదో అన్నావ్."

"ఊరికే అన్నాను. భయపెడదామని."

"వీలన్ కారు అరలో పిస్టల్ ఉంటుంది," అన్నాడు నోవోత్నీ. "పోయిన వారం కొన్నాడు. ఆటగాళ్ళతో భయంగా ఉందంటే, నేనే వెంట ఉండి కొనిపించాను."